మొదటి పని మీద ఒక నవల కావాలి: హాలహర్వి నుంచి వినతిపత్రం

గౌరవనీయులైన కర్నూలు జిల్లా కలెక్టరు గారికి, జిల్లా విద్యాశాఖాధికారి గారికి, సమగ్ర శిక్ష జిల్లా అధికారులకు, రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ మండలి సంచాలకులకు

హాలహర్వి మండలంలోని తల్లిదండ్రులు, చిన్నప్పుడే పనికి పోయి మళ్లీ బడికొచ్చి చదువుకున్న యువతీ యువకులు, తెలుగు, కన్నడం చెప్పే కొందరు ఉపాధ్యాయులు కలిసి సమర్పించుకుంటున్న విన్నపం.

విషయం: ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు, వాళ్ల ఈడు వాళ్ల తొలి పని అనుభవాన్ని చెప్పే నవలను ఉపవాచకంగా పెట్టి చదివించడం గురించి.

అయ్యా, అమ్మా,

మా మండలం నుంచి మీ కార్యాలయాలకు వచ్చే అర్జీలు ఎక్కువగా నీళ్ల మీద, రోడ్ల మీద, పంట నష్టం మీద ఉంటాయి. ఈసారి పుస్తకం అడుగుతున్నాం. వేసవిలో బిందెలతో వరుస కట్టే ఊళ్లు నవల అడగడమేమిటని నవ్వేవాళ్లు ఉంటారు. నవ్వినా ఫరవాలేదు, చివరిదాకా చదవమని మనవి.

హాలహర్వి కర్ణాటక సరిహద్దున ఉంది. కర్నూలు కంటే బళ్లారి మాకు దగ్గర. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆలూరు, ఆదోని తాలూకాలు బళ్లారి జిల్లాలోనే ఉండేవి. ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు, సంతలో రెండూ మాట్లాడే పిల్లలు ఇక్కడ మామూలే. కన్నడ మాధ్యమం బళ్లు ఈ వైపు ఇప్పటికీ నడుస్తున్నాయి. నేల నల్లరేగడి. వాన పడితే పత్తి, శనగ, జొన్న. పడకపోతే సుగ్గి. మీ ఫైళ్లలో సీజనల్ మైగ్రేషన్ అని రాసేది దీన్నే. దసరా దాటాక కొందరు, సంక్రాంతి తర్వాత ఇంకొందరు మూటలు కట్టుకుని గుంటూరు, పల్నాడు మిరప చేలకు, తెలంగాణ పత్తి చేలకు, బెంగళూరులో ఇళ్లు కట్టే చోట్లకు పోతారు. ఉగాదికి తిరిగొస్తారు. హొళగుంద, కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, ఏ మండలంలో అడిగినా ఇదే సంగతి. 2011 జనగణనలో ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత సుమారు 60 శాతం. ఆ లెక్కను కిందికి లాగింది ఈ పడమటి మండలాలేనని మీకు మేం చెప్పనక్కర్లేదు.

ఇంట్లో జేజి ఉండి, ఆమెకు ఓపిక ఉంటే పిల్లలు ఊళ్లో ఆగుతారు. లేకపోతే అమ్మానాన్నల వెంట పోతారు. పన్నెండేళ్ల ఆడపిల్లకు అక్కడ దొరికే మొదటి పనికి చాలాసార్లు కూలి ఉండదు. చేను గట్టున చీర ఉయ్యాల కట్టి తమ్ముణ్ణి పడుకోబెట్టడం, పట్టలు కప్పిన గుడిసెలో అన్నం వండటం, నీళ్లు మోయడం. ఆ పిల్ల ఉంది కాబట్టే తల్లి రోజంతా కాయ కోయగలుగుతుంది. కాని కూలి లెక్క కట్టేటప్పుడు ఆ పిల్ల పేరు రాదు. ఏడాదో రెండేళ్లో గడిచాక ఆమె చేతికీ సంచి వస్తుంది, మిరప ఘాటుకు వేళ్లు మండటం మొదలవుతుంది. మగపిల్లలు ఇంకో దారిన పోతారు: మెకానిక్ షెడ్డు, టీ బంకు, బేల్దారి పని, బళ్లారిలో జీన్స్ కుట్టే చోట దారాలు కత్తిరించడం. జీవాలు కాయడానికి ఏడాది లెక్కన జీతానికి పెట్టడమూ పూర్తిగా పోలేదు. ఎమ్మిగనూరు మగ్గాల ఇళ్లలో కండెలు చుట్టడం తరతరాలుగా పిల్లల పని. అక్కడ మాచాని సోమప్ప గారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టాక నేతగాడికి ఒక అండ దొరికింది. కండె చుట్టే పిల్లకు మాత్రం కూలి అనే మాటే పుట్టలేదు.

విత్తనం కోసం పండించే సీడు పత్తి గురించి విడిగా చెప్పాలి. సాయంత్రం పూట, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను గుర్తుపట్టి, దాని రేకులూ కేసరాలూ గోటితో ఒలిచెయ్యాలి. లోపలి కీలాగ్రానికి గీటు పడకూడదు. పొద్దున మగపువ్వు తెచ్చి దాని పుప్పొడి ఆ కీలాగ్రానికి రుద్దాలి. రైతులూ కూలీలూ దీన్ని క్రాసింగ్ అంటారు. ఒక్క రోజు మానినా ఆ రోజు మొగ్గలు పోయినట్టే, కాబట్టి సీజనంతా ఆదివారం లేదు. చెట్టు పిల్లల ఎత్తు ఉంటుంది, వేళ్లు సన్నగా ఉండాలి, కూలి తక్కువ ఇవ్వొచ్చు. ఈ పనికి పిల్లల్ని, అందులోనూ ఆడపిల్లల్ని, ఎందుకు వెతికి మరీ పెట్టుకుంటున్నారో పరిశోధకులు దావులూరి వెంకటేశ్వర్లు గారు ఏళ్ల తరబడి తిరిగి, నివేదికలు రాసి లోకానికి చూపించారు. ఆ తర్వాతే విత్తన కంపెనీలు తనిఖీల మాట ఎత్తాయి. మేం చెప్పదలచింది వేరే. మన సైన్సు పుస్తకంలో పరాగసంపర్కం పాఠం ఉంది. ఆ పాఠం చెప్పే రోజున, ఆ పనిని తన వేళ్లతో వందల పూలకు చేసిన పిల్ల వెనక బెంచీలో ఉంటుంది, లేదా ఆ వేళకి చేనులోనే ఉంటుంది. ఆమెకు తెలిసిందేమిటో బడి ఇంతవరకూ అడగలేదు.

మా విన్నపానికి మూలం ఇక్కడుంది. మా పిల్లల్లో చాలామందికి పద్దెనిమిది నిండకముందే మొదటి పని అయిపోతోంది. బడికి మాత్రం దాని గురించి తెలిసింది ఒకే మాట: డ్రాపౌట్. ఉగాది తర్వాత తిరిగొచ్చిన పిల్లవాణ్ణి 'ఇన్నాళ్లూ ఏడ చచ్చినావు?' అని అడగడమే తప్ప, 'ఏం పని చేసినావు, ఎవరిచ్చారు కూలి, ఎంత ఇచ్చారు?' అని అడిగేవాళ్లు లేరు. దాంతో వాడు దాచడం నేర్చుకుంటాడు. చార్లెస్ డికెన్స్ కూడా దాచుకున్నవాడే. 1824లో, పన్నెండేళ్ల వయసులో, లండనులో బూటు పాలిష్ డబ్బాలకు చీటీలు అంటించే పనికి పోయాడు. అంత పేరొచ్చాక కూడా ఆ సంగతి ప్రాణస్నేహితుడికి తప్ప ఎవరికీ నోరు విప్పి చెప్పలేదు. 1849లో మొదలుపెట్టిన 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్' నవలలో డేవిడ్ అనే పిల్లవాడి మీద పెట్టి చెప్పుకున్నాడు. తన నోటితో చెప్పలేనిది ఇంకో పిల్లవాడి పేరున చెప్పుకోవచ్చు, వినవచ్చు. పాఠం, కరపత్రం, గోడ మీద నినాదం ఇవ్వలేని ఆ సౌకర్యం నవల ఇస్తుంది. అందుకే నవల అడుగుతున్నాం.

పదో తరగతి తెలుగు ఉపవాచకం ఇప్పుడు రామాయణం. దాన్ని తీసెయ్యమనడం లేదు. నిజానికి కుర్రవాడి తొలి పని కథ అందులోనే ఉంది. విశ్వామిత్రుడు యాగరక్షణకు రాముణ్ణి అడిగితే, పిల్లవాడికి పదహారేళ్లయినా నిండలేదని దశరథుడు వణికిపోయాడు. కావాలంటే సైన్యంతో తానే వస్తానన్నాడు. చివరికి వసిష్ఠుడు నచ్చజెప్పాడు. మా పిల్లల్ని లారీ ఎక్కించేటప్పుడు మాకూ అదే వణుకు. నచ్చజెప్పేది మాత్రం వసిష్ఠుడు కాదు, ముందే అడ్వాన్సు ఇచ్చిన మేస్త్రీ. ఈ ఘట్టాన్ని ఇలా చదివించిన ఉపాధ్యాయులు ఉంటే వాళ్లకు మా దండాలు. అందరూ ఇలా చదివించరు కాబట్టి, ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో మా కాలపు కథ కావాలంటున్నాం.

బయటి దేశాల్లో ఇలాంటి కథలు ఉన్నాయి. రెండింటిని పక్కపక్కన పెట్టి చదివించమని మా తొలి కోరిక. రష్యా రచయిత గోర్కీ ఆత్మకథ మూడు భాగాల్లో రెండోది చెప్పుల దుకాణంలో మొదలవుతుంది. పదకొండేళ్ల వయసుకే అల్యోషా, అంటే చిన్ననాటి గోర్కీ, అక్కడ పనికుర్రాడు. ఉడుకుతున్న పులుసు చేతుల మీద ఒలికి ఆస్పత్రి పాలవుతాడు. తర్వాత ఓల్గా మీద తిరిగే స్టీమరులో గిన్నెలు తోముతాడు. అక్కడి వంటవాడు స్మూరీ వాడి చేత పుస్తకాలు చదివిస్తాడు. ఇక జోన్ బవర్ అనే అమెరికా రచయిత్రి 1998లో రాసిన 'రూల్స్ ఆఫ్ ద రోడ్' నవల. అందులోనూ చెప్పుల దుకాణమే. పదహారేళ్ల జెన్నా చికాగోలో చెప్పులమ్ముతుంది. తండ్రి తాగుబోతు, ఇంట్లో నెమ్మది లేదు. కాని దుకాణంలో మనిషి పాదం చూసి సరైన జోడు తెచ్చిపెట్టగలనన్న ధైర్యం ఆమెకుంది. ముసలి యజమానురాలిని కారులో టెక్సాస్ దాకా తీసుకుపోతుంది. అల్యోషాకూ జెన్నాకూ మధ్య నూరేళ్ల పైచిలుకు దూరం. ఒకరిది వెట్టి లాంటి కొలువు, ఇంకొకరిది చేతికి జీతం వచ్చే పని, బడి మానకుండా చేసే పని. ఈ తేడా ఎలా వచ్చిందని పిల్లలు అడుగుతారు. చట్టం, కార్మిక సంఘం, ఉచిత విద్య, ఇవన్నీ ఆ ఒక్క ప్రశ్న వెంట వస్తాయి. సాంఘికశాస్త్రం మాస్టారు ముప్ఫై పేజీల్లో చెప్పలేనిది రెండు చెప్పుల దుకాణాలు చెప్పేస్తాయి.

గోర్కీ 1936లో చనిపోయాడు కాబట్టి ఆయన మూలరచన మీద మన దేశంలో కాపీహక్కు తీరిపోయింది. పాత తెలుగు అనువాదాల హక్కులు వేరు, అవి చూసుకోవాలి. జోన్ బవర్ నవలలో ఒకటి రెండు అధ్యాయాలైనా తెలుగు చేసుకోవడానికి రాతపూర్వకంగా అనుమతి అడగాలి. ఈ పని రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ మండలి చెయ్యగలదు, మా వల్ల కాదు. మన భాషలో, చాసో 'ఎందుకు పారేస్తాను నాన్నా' కథ తప్పకుండా చేర్చండి. చదువు ఆగిపోతున్న పిల్లవాడి కడుపుకోత తెలుగులో అంతకన్నా బాగా చెప్పినవాళ్లు లేరని మా ఉపాధ్యాయుల అభిప్రాయం. రావూరి భరద్వాజ 'జీవన సమరం' నుంచి ఒకటి రెండు జీవితాలు తీసుకోవచ్చు. హైస్కూలు చదువు కూడా దాటని ఆ మనిషి పొలాల్లో, ఫ్యాక్టరీల్లో, అచ్చాఫీసుల్లో పని చేసి, 2012 సంవత్సరపు జ్ఞానపీఠం దాకా వచ్చారని పిల్లలకు తెలియాలి. అయితే ఆ ఒక్క ఉదాహరణ చూపించి చదువు లేకపోయినా ఫరవాలేదని చెప్పకూడదు. భరద్వాజ అంతటివాడు తరానికి ఒకడు. మా పిల్లలు ఏటేటా లారీ ఎక్కుతున్నారు.

ఇవన్నీ తాత్కాలిక ఏర్పాట్లు. అసలు అడుగుతున్నది కొత్త నవల: కర్నూలు పడమటి మండలాల ఆడపిల్లో, పిల్లవాడో పనికి పోయి వచ్చే కథ, నూరు నుంచి నూటఇరవై పేజీలు, ఒక్కో అధ్యాయం ఒక పీరియడులో చదివి మాట్లాడుకోగలిగినంత. తెలుగులో పిల్లల నవలలు రాసేవాళ్లు లేరనే మాట ఇప్పుడు చెల్లదు. అమెరికా తెలుగువాళ్ల సంఘం తానా, మంచి పుస్తకం ప్రచురణ సంస్థ కలిసి నడుపుతున్న పోటీల వల్ల కొత్త రచయితలు ముందుకొస్తున్నారు. మండలి బహిరంగంగా పిలుపు ఇవ్వాలి. ఎంపికైన రచయితకు గౌరవంగా డబ్బు ఇవ్వాలి. ఆ రచయిత ఒక సుగ్గి సీజను మాతో ఉండాలి, కొన్నాళ్లు ఇక్కడ, కొన్నాళ్లు గుంటూరు చేల గట్ల మీద. కూడూ గూడూ మేం చూస్తాం. మా ఇళ్లలో ఏసీ లేదని ముందే చెప్పాలి.

భాష గురించి గట్టిగా అడుగుతున్నాం. మా పిల్లలు మాట్లాడే తెలుగు, కన్నడం కలిసిన తెలుగు, పుస్తకంలో ఉండాలి. గుంటూరు రైతుకు మా పిల్లల మాట అర్థంకాక నవ్విన నవ్వు, బళ్లారి పోతే అక్కడి వాళ్లు తెలుగోళ్లని వేరుచేసిన చూపు, రెండూ మొదటి పనిలో భాగమే. శిష్టభాషలోకి తెచ్చి నునుపు చేస్తే ఆ రెండూ పోతాయి. తెలుగు పుస్తకం వచ్చిన ఏడాదే కన్నడ పుస్తకం కూడా రావాలి. కన్నడ మాధ్యమం పిల్లలకు తర్వాత చూద్దామన్న మాట ఇప్పటికే చాలాసార్లు విన్నాం.

ఏం రాయాలో రచయితకు మేం చెప్పబోం. ఏది దాటవెయ్యకూడదో మాత్రం చెప్తాం. అడ్వాన్సు ఎంత, ఎవరు తీసుకున్నారు, ఎన్ని రోజులకు తీరింది, ఈ లెక్క కథలో ఉండాలి. మొదటి కూలి ఎవరి చేతికి వచ్చిందో ఉండాలి, ఎందుకంటే చాలాసార్లు అది పని చేసిన పిల్ల చేతికి రాదు. యజమాని ఆ పిల్లను పేరుతో పిలిచాడా, ఊరి పేరుతో పిలిచాడా, కులం పేరుతో పిలిచాడా ఉండాలి. కులం మాట రాకుండా మా దగ్గర పని కథ నడవదు. ముఖ్యపాత్ర ఆడపిల్లయితే సంతోషిస్తాం. సుగ్గి నుంచి తిరిగొచ్చిన ఆడపిల్లకు ఇంట్లో ముందు వినబడేది బడి మాట కాదు, పెళ్లి మాట. అలాగని అంతా ఏడుపే రాయొద్దు. మొదటి డబ్బుతో చెల్లెలికి గాజులు కొన్న గర్వం, పెద్దవాళ్ల పక్కన సమానంగా సాలు కోసుకుపోయిన పొగరు, రాత్రి గుడిసెల దగ్గర పాటలు, ఇవీ నిజమే. ఇవి లేని పుస్తకాన్ని మా పిల్లలు మొదటి అధ్యాయంలోనే మూసేస్తారు. ఇంకో మనవి. చివరి అధ్యాయంలో కలెక్టరు గారి కారు వచ్చి ఆగి, సమస్య తీరిపోయే నవల వద్దు. తమరి మీద గౌరవం లేక అంటున్నది కాదు.

ఇక చదివించే తీరు. పుస్తకం మంచిదైతే చాలదు. గైడుకెక్కిన నవల చచ్చిన నవల. దీని మీద వార్షిక పరీక్షలో ప్రశ్న ఉండకూడదు, పాత్ర స్వభావం పదిహేను పంక్తుల్లో రాయమనే ప్రశ్న అసలే వద్దు. మార్కులు తప్పనిసరైతే నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టు కింద వెయ్యండి. వారానికి రెండు పీరియడ్లు, జూన్ 12న బడి తెరిచిన దగ్గరి నుంచి దసరా లోపల పుస్తకం అయిపోవాలి. మూటలు కట్టకముందే చదవాలి కాబట్టి ఈ గడువు. 2020లో మొదలైన 'చదవడం మాకిష్టం' కార్యక్రమం కింద బడుల్లో పుస్తకాలు చదవడానికి వేళ కేటాయించారు. అలాంటి వేళలో సర్దవచ్చు.

తెలుగు ఉపాధ్యాయుడొక్కడి మీదే ఈ భారం వెయ్యొద్దు. కూలి లెక్క వచ్చే అధ్యాయం లెక్కల టీచరు చెప్పాలి. ఉదాహరణకు ఒక ఇంటికి ఇరవై వేలు అడ్వాన్సు ఇచ్చారనుకుందాం. కిలోకు ఇంత చొప్పున కాయ కోస్తే, తిండికి పోను, తరుగు కింద కొట్టేసింది పోను, ఎన్నాళ్లకు బాకీ తీరుతుంది? తరుగు ఎవరు నిర్ణయించారు? తూకం ఎవరు చూశారు? బారువడ్డీ అధ్యాయంలో బ్యాంకు ఉదాహరణలు పట్టని పిల్లలకు ఈ లెక్క క్షణంలో పడుతుంది. పొరపాటున తేడా వస్తే లేచి అడుగుతారు.

సాంఘికశాస్త్రం టీచరు చట్టం చెప్పాలి, భయపెట్టడానికి కాదు, తెలియడానికి. 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదు. కుటుంబానికో, ప్రమాదం లేని కుటుంబ వృత్తికో సాయం చెయ్యడానికి బడి వేళ తర్వాత, సెలవుల్లో మాత్రమే సడలింపు. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. మిగతా పనుల్లోనూ ఏకబిగిన మూడు గంటలకు మించి చేయించకూడదు, గంట విరామం ఇవ్వాలి, విరామంతో కలిపి రోజుకు ఆరు గంటలు దాటకూడదు, రాత్రి ఏడు నుంచి పొద్దున ఎనిమిది దాకా పని చెప్పకూడదు, వారానికి ఒక రోజు సెలవివ్వాలి. చట్టం చెప్పే పనిచోట్లలో వ్యవసాయ క్షేత్రం కూడా ఉంది. ఉల్లంఘిస్తే యజమానికి ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, లేదా ఇరవై వేల నుంచి యాభై వేల దాకా జరిమానా, లేదా రెండూ. మిరప చేలో పని ఎన్నింటికి మొదలవుతుందో తెలిసిన పదిహేనేళ్ల పిల్లవాడు పొద్దున ఎనిమిదికి ముందు పని చెప్పకూడదన్న నిబంధన వినగానే నవ్వుతాడు. ఆ నవ్వును ఆపొద్దని టీచర్లకు చెప్పండి. అక్కడి నుంచే పాఠం నడుస్తుంది. బాకీ కింద మనిషిని కట్టిపడెయ్యడం 1976 నాటి చట్టం ప్రకారం నేరమని తెలిసిన పిల్ల, ఇంటికెళ్లి నాన్నను ఒక మాటైనా అడుగుతుంది. ఆ మాట మాకు ఇబ్బందిగా ఉండొచ్చు. ఉండనివ్వండి.

పుస్తకం అయ్యాక పిల్లలు తమ మొదటి పని గురించి రాసుకోవాలని ఉపాధ్యాయులు కోరుతున్నారు. ఇక్కడే తల్లిదండ్రులుగా మాకు భయం ఉంది. దాచకుండా చెప్తున్నాం. పన్నెండేళ్లప్పుడు ఫలానా చేలో పని చేశానని పిల్ల రాసిన కాగితం రేపు ఎవరి బల్ల మీదికి వెళ్తుంది? నోటీసు ఎవరికి వస్తుంది? అడ్వాన్సు ఇచ్చినవాడికి ఏమీ కాదు, మాకే వస్తుందన్న అనుమానం మా ఆడవాళ్లలో బలంగా ఉంది. కాబట్టి రాతపూర్వకమైన హామీ కావాలి. ఆ కాగితాలు పిల్లలవి. వాటిలో రైతు పేరు, ఊరు పేరు రాయనక్కర్లేదు. ఎవరూ వాటిని ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు, తనిఖీకి వచ్చినవాళ్లకు చూపించకూడదు, హాజరు కారణంగా తల్లికి రావలసిన పథకం డబ్బు ఆపడానికి ఆధారం చేసుకోకూడదు. రాయడం ఇష్టంలేని పిల్లను రాయమనకూడదు. ఎవరైనా చెయ్యి చేసుకున్నారనో, ఇంకా చెడ్డగా ప్రవర్తించారనో ఒక కాగితంలో బయటపడితే అది వేరే సంగతి. అప్పుడు ఉపాధ్యాయులు ఏం చెయ్యాలో, పిల్లల సహాయ నంబరు 1098కి ఎవరు ఫోను చెయ్యాలో, పిల్ల పక్కన ఎవరు నిలబడాలో ముందే తెలిసి ఉండాలి. ఈ శిక్షణ లేకుండా పుస్తకం పంచొద్దు. పుస్తకం ఒక ఏడాది ఆలస్యమైనా ఓర్చుకుంటాం.

ఇలాంటి నవల చదివిస్తే పిల్లల్ని పనికి పొమ్మని ప్రోత్సహించినట్టు కాదా అని ఒక విద్యావంతుడైన మిత్రుడు అడిగారు. పల్లె పిల్లలకు పని నేర్పే నవల, పట్నం పిల్లలకు ఐఐటీ పుస్తకమా అని కూడా అన్నారు. రెండో మాట మమ్మల్ని ఆలోచనలో పడేసింది. అందుకే ఈ నవలను హాలహర్వికి మాత్రమే పెట్టొద్దని కోరుతున్నాం. మిరపకాయ గుంటూరు యార్డుకు ఎవరి చేతుల మీదుగా వచ్చిందో గుంటూరు పిల్లలకూ, కట్టుకున్న ఇల్లు ఎవరు కట్టారో విజయవాడ పిల్లలకూ తెలియాలి. మొదటి మాటకు జవాబు తేలిక. పనికి పొమ్మంటున్నది కరవు, అప్పు. పుస్తకం చదవకపోయినా మా పిల్లలు పోతూనే ఉన్నారు. చదివితే లెక్క అడగడం తెలుస్తుంది, తిరిగి రావడానికి బడి గుమ్మం తెరిచి ఉందని తెలుస్తుంది. శాంతా సిన్హా గారు, ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో చేసి చూపించింది అదే. బడికి రాని ప్రతి బిడ్డనూ బాలకార్మికుడిగానే లెక్కవేసి, నిందించకుండా వెనక్కి పిలుచుకొచ్చారు. వాళ్ల మాటకు మేం ఎదురు పోవడం లేదు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు పనే ఉండకూడదన్నది మా మాట కూడా.

కాబట్టి నవల ఇచ్చాం కదా అని వలస పోయే ఇళ్ల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టళ్లలో ఒక్క సీటు కూడా తగ్గించొద్దు. అవి దసరా ముందే తెరవాలి. సంక్రాంతి తర్వాత తెరిస్తే అప్పటికే లారీలు వెళ్లిపోయి ఉంటాయి. వెంట పోక తప్పని పిల్లలకు ఆ నవల సొంతంగా ఇవ్వండి, బీరువాలో పెట్టి తాళం వెయ్యొద్దు. అట్ట గట్టిగా, సంచిలో పట్టేంత చిన్నగా ఉండాలి. 2009 విద్యాహక్కు చట్టం ఐదో సెక్షను ప్రకారం పిల్ల ఎక్కడికి పోయినా అక్కడి బడిలో చేరే హక్కుంది, టీసీ ఆలస్యమైందని చేర్చుకోకపోవడం కుదరదు. గుంటూరు, పల్నాడు విద్యాశాఖలకు ఈ జిల్లా నుంచి ముందుగానే ఉత్తరం పోవాలి: ఏ మండలం పిల్లలు వస్తున్నారు, ఏ తరగతి, నవల ఎన్నో అధ్యాయం దాకా అయింది. మిగతా అధ్యాయాలు అక్కడి టీచరు చదివిస్తే మాకు అంతకన్నా కావలసింది లేదు.

డబ్బు సంగతి. సమగ్ర శిక్ష కింద ప్రతి ప్రభుత్వ బడికీ గ్రంథాలయానికని ఏటా ఐదు వేల నుంచి ఇరవై వేల దాకా కేటాయించే వీలుంది. చాలా బళ్లలో ఆ డబ్బుతో ఎవరూ అడగని పుస్తకాలు కట్టలుగా వచ్చి పడతాయి. ఈ నవలకు అచ్చు ఖర్చు అందులోంచి పోతే కొత్త పద్దు అక్కర్లేదు. రచయితకిచ్చే డబ్బు, అనువాదం, ఉపాధ్యాయుల శిక్షణ, ఈ మూడింటికి మాత్రం మండలి కేటాయింపు కావాలి.

కొత్త నవల రావడానికి రెండేళ్లయినా పడుతుందని మాకు తెలుసు. ఆలోగా చెయ్యగలిగింది ఉంది. వచ్చే జూన్ నుంచి హాలహర్వి, హొళగుంద, ఆలూరు మండలాల్లో ఒక్కో ఉన్నత పాఠశాలలో, ఒప్పుకున్న ఉపాధ్యాయులతో, చాసో కథ, భరద్వాజ రాసిన ఒక జీవితం, గోర్కీ చెప్పుల దుకాణం అధ్యాయం, ఈ మూడింటితో తొమ్మిదో తరగతిలో మొదలుపెట్టడానికి అనుమతి ఇవ్వండి. దీనికి జిల్లా విద్యాశాఖాధికారి గారి ఉత్తర్వు ఒక్కటి చాలు. దసరా ముందు ఆ మూడు తరగతుల పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ ఒకచోట కూర్చోబెట్టి ఎలా ఉందో అడగండి. మా ప్రతినిధులూ వస్తారు, కలెక్టరు గారు వస్తే మరీ సంతోషం.

ఈ పత్రాన్ని సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో దాఖలు చేస్తున్నాం. రశీదుతో పాటు, ఏ కోరిక ఏ అధికారి పరిధిలోకి వస్తుందో, ఎప్పటిలోగా జవాబు వస్తుందో రాసి ఇప్పించవలసిందిగా మనవి. జవాబు తెలుగులో ఒకటి, కన్నడంలో ఒకటి ఇప్పించండి. గ్రామాల్లో చదివి వినిపించాలి.

ఇట్లు,
హాలహర్వి మండల గ్రామాల తల్లిదండ్రులు, యువతీ యువకులు, ఉపాధ్యాయులు
(సంతకాలు, వేలిముద్రలు జతచేసిన కాగితాల్లో ఉన్నాయి)